ఆరో షిఫ్టు

జనగామ,
7 జులై 2024

బావకు,

నేను బాగున్నాను. సంధ్య మహబూబాబాద్‌లోనే ఉండి బడిలో పాఠాలు చెబుతోంది. నెలకోసారి శనివారం రైలుకు నేను ఇంటికి పోతాను, సోమవారం పొద్దున తిరిగి వస్తాను.

మొన్న ఫోన్‌లో నేను ఒకటి అడిగితే నువ్వు ఇంకొకటి చెప్పావు. అక్క మధ్యలో నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయి మోతలో పనిచేసిన చెవులు అవి. వాటిని ఫోన్‌తో బాధపెట్టడం దేనికని ఉత్తరం రాస్తున్నాను. నాకు కూడా రాయడమే తేలిక.

ఇంజనీరింగ్ కాలేజీలో చివరి సంవత్సరం వాళ్లకు అడ్వాన్స్‌డ్ గేమ్ డిజైన్ చెప్పడం ఇది రెండో ఏడు. డిగ్రీ లేనివాడు, సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటూ తనకు తానే నేర్చుకున్నవాడు ఇక్కడెందుకని తోటి లెక్చరర్లు అనుకుంటారు. పైకి అనరు. నేను చేసిన ఫోన్ ఆటను లక్షమంది ఆడారని విని కరస్పాండెంట్ గారు పిలిచి తీసుకున్నారు. ఏ ఏటికాయేడు కొత్తగా కొలువు కాగితం రాస్తారు. వచ్చే మార్చిలో హైదరాబాద్ నుంచి ముగ్గురు వచ్చి పిల్లలు చేసిన ఆటలు చూస్తారట. వాటిలో ఒక్కటైనా వాళ్లకు నచ్చితేనే నాకు ఇంకో ఏడు. ఆ మాట ఆయన నవ్వుతూనే చెప్పారు.

నువ్వు నా చేతికి అప్పగించిన చైతన్య నా క్లాసులోనే ఉంది. ముప్పై ఒక్కమందిలో మొదట లేచి ప్రశ్న అడిగేది ఆమే. తన ఆట తండ్రి పని మీద చేస్తానంది. "మా బాపు పోయినప్పుడు నాకు ఏడేండ్లు సార్. గాయన బాయిల ఏం చేసెటోడో గూడ నాకు సక్కగ తెల్వది. గా పని చేస్తె ఎట్లుంటదో నాకు సూడాలనుంది" అంది. ఆట పేరు 'జోడి'. బాయిలో ఇద్దరు జంటగా ఉంటారు. ఒకడు పైకప్పును కొట్టి చూసి గట్టిగా ఉందో లేదో చెబుతాడు. రెండోవాడు ఆ మాట నమ్మి లోపలికి పోతాడు. ఆడేవాళ్లు ఆ మొదటి మనిషి అన్నమాట. అతడికి నీ మీసాలు పెట్టింది. నేను చెప్పి పెట్టించింది కాదు.

ఆమె తండ్రి సమ్మయ్యకు జోడి నువ్వే కాబట్టి అడుగుతున్నాను. కప్పు కొట్టి చూడటం ఎట్లా ఉంటుందో వివరంగా రాయి. ఆట చూడటానికి బాగుంది కానీ అందులో ప్రాణం లేదు.

అక్కకు చెప్పు, ఈసారి చింతకాయ తొక్కు పంపొద్దు. పోయినసారిదే ఇంకా ఉంది.

ఐలేశ్

*

భూపాలపల్లి,
18 జులై 2024

బామ్మర్ది ఐలేశ్‌కు వీరయ్య దీవెనలు.

పోస్ట్‌మన్ కవరు తెచ్చి ఇస్తే మీ అక్క సరోజన కోర్టు నోటీసేమోనని పరేషాన్ అయింది. లోపల నీ పేరు చూసి, "మా తమ్ముని నోట్లెకెల్లి నాలుగు మాటలు ఎల్లయి. రెండు పేజీలు ఎట్ల రాసిండు? పానం మంచిగున్నదా?" అని నన్నే అడిగింది. తొక్కు వద్దన్నావని చెప్పాను. రెండు సీసాలు కడుగుతోంది. నువ్వే అనుభవించు.

ఆటలు నేర్పడం కూడా ఒక కొలువు అయిందన్నమాట. మేము ఆడితే మా నాయిన కట్టె పట్టుకుని వచ్చేవాడు. నీకేమో జీతమిచ్చి ఆడమంటున్నారు.

నువ్వు అడిగింది చెబుతాను. బ్లాస్టింగ్ అయ్యాక పొగ తగ్గేదాకా ఆగాలి. అప్పుడు ముందుగా కప్పు చూసేవాడు ఒక్కడే పోవాలి. చేతిలో ఇనుప కడ్డీ ఉంటుంది. ఎడమ అరచేతిని కప్పుకు ఆనించి, కుడిచేత్తో కడ్డీ పెట్టి కొట్టాలి. కంచు కొట్టినట్టు ఖంగుమంటే గట్టి బండ. ఖాళీ డబ్బా కొట్టినట్టు డబ్బుమంటే లోపల వీడిపోయి ఉన్నట్టు. వీడిన బండ మీద దెబ్బ పడితే అరచేయి జిమ్ముమంటుంది. చెవి ఒక మాట చెబుతుంది, అరచేయి ఒక మాట చెబుతుంది. రెండూ ఒకటే చెప్పాలి. ఏ ఒక్కటి ఒప్పుకోకపోయినా లోపలికి ఎవరినీ పంపకూడదు. అడుగడుగుకూ ఇట్లాగే. పుస్తకంలో వేరేగా రాసి ఉంటుంది, మాకు నేర్పిన ముసలివాళ్లు చెప్పింది ఇది.

సమ్మయ్య ఆ కప్పును అత్త అనేవాడు. నేను కొట్టినప్పుడల్లా వెనక నుంచి, "ఏమంటున్నదే అన్నా మా అత్త? అలిగిందా?" అని అరిచేవాడు. గట్టిగా ఉంటే నేను, "నిమ్మలంగున్నది, పో" అనేవాణ్ణి. పదమూడేళ్లు రోజూ ఇదే మాట. ఈ సంగతి చైతన్యకు చెప్పు. తండ్రి ఎంత నవ్వించేవాడో ఆ బిడ్డకు తెలియదు. వాళ్లమ్మ ఉప్పలమ్మ ఆయన మాట ఎత్తితే ఏడుస్తుంది కాబట్టి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మీసాలు పెట్టిందని విని మీ అక్క, "గీ తెల్ల మీసాలా, అప్పటి నల్ల మీసాలా?" అంటోంది. కనుక్కుని రాయి.

ఉంటాను.
వీరయ్య

*

జనగామ,
25 ఆగస్టు 2024

బావకు,

మీసాలు నల్లవే.

నువ్వు రాసింది చాలా పనికి వచ్చింది. కడ్డీ, అరచేయి, అత్త మాట, 'నిమ్మలంగున్నది, పో' అన్నీ చైతన్య ఆటలో పెట్టింది. నీ ఉత్తరంలో ఆ భాగం క్లాసులో చదివి వినిపిస్తే నవ్వింది, తర్వాత కొంచెంసేపు బయటికి పోయి వచ్చింది.

అయినా ఆట లేవలేదు. ఎట్లా తెలుసుకుంటామో చెబుతాను. నా క్లాసులో మొదటి పాఠం, చివరి పాఠం ఒకటే. ఆట చేసినవాడు దాన్ని వేరేవాళ్ల చేతికిచ్చి, వెనక నిలబడి, నోరు మూసుకుని చూడాలి. ఏం చేయాలో చెప్పొద్దు. అడిగినా చెప్పొద్దు. వాళ్ల చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో రాసుకోవాలి. మనిషి నోటితో చెప్పేది మర్యాద కోసం చెప్పేది. చెయ్యి ఆగిన చోటే నిజం ఉంటుంది.

పిల్లలకు ఇది చాలా కష్టం. మొన్న రమేశ్ చేసిన ఆటను గంగారం నుంచి వచ్చే జైసింగ్ ఆడుతున్నాడు. రమేశ్ వెనక నిలబడి మూడు నిమిషాలు ఓర్చుకున్నాడు. నాలుగో నిమిషానికి, "ఎడమకురా బై! అరే ఎడమకు! తలుపు గంత పెద్దగున్నది, కండ్లు కనవడ్తలేవా?" అని మీద పడ్డాడు. బయటికి పంపాను. తలుపు సందులోంచి కూడా చెయ్యి ఎడమకు ఊపుతున్నాడు. క్లాసంతా నవ్వింది. నన్ను వాళ్లు సైలెంట్ సార్ అంటారు. నాకు తెలియదనుకుంటారు.

చైతన్య ఒక్కతే ఈ పనిలో నా కంటే గట్టిది. పిల్లిలాగా నిలబడి చూస్తుంది. ఆమె పుస్తకంలో ఇరవై రెండు మంది ఆడిన లెక్క ఉంది. ఒక్కరి చెయ్యి కూడా ఎక్కడా ఆగలేదు. కొట్టారు, విన్నారు, సరిగ్గా చెప్పారు, గెలిచారు. అందరూ బాగుందన్నారు. అంటే బాగాలేదని అర్థం.

అడగకూడనిది అడుగుతున్నాను. ఆ రోజు కప్పు కొట్టినప్పుడు నీకు ఏం వినపడింది? విచారణ కాగితంలో హఠాత్తుగా కూలిందని రాశారని అక్క ఒకసారి చెప్పింది. ముందుగా ఏ చప్పుడూ లేకుండా కూలుతుందా? ఆటలో లేనిది ఏదో అక్కడ ఉందని నాకు అనిపిస్తోంది. ఇష్టం లేకపోతే రాయకు.

తొక్కు అందింది.

ఐలేశ్

*

భూపాలపల్లి,
6 అక్టోబర్ 2024

ఐలేశ్,

నెలన్నర నుంచి నీ ఉత్తరం నా దిండు కింద ఉంది. మీ అక్క, ఉప్పలమ్మ కలిసి బతుకమ్మ ఆడటానికి పోయారు. ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టి రాస్తున్నాను. ఇవాళ రాయకపోతే ఎప్పటికీ రాయను.

ఆ రోజు నాకేమీ వినపడలేదు.

అంటే కప్పు చప్పుడు చేయలేదని కాదు. నా చెవులు అప్పటికే పోయాయి. అది జరగడానికి రెండేళ్ల ముందు నుంచే తగ్గుతూ వచ్చాయి. మొదట సన్నగా పలికే ఖంగు పోయింది, తర్వాత అన్నీ ఒకటే చప్పుడు అయ్యాయి. ఏటా చెవి పరీక్ష ఉండేది. చెవులకు గొట్టాలు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా వేలు ఎత్తమనేవారు. అవతల మిషన్ మీద చిన్న బత్తి ఉండేది. చప్పుడు చేసినప్పుడల్లా అది వెలిగేది. నేను బత్తిని చూసి వేలు ఎత్తాను. రెండేళ్లు అట్లాగే పాసయ్యాను.

ఎందుకు చెప్పలేదంటావు. చెబితే పైకి పంపేవారు, యార్డులో ఊడ్చే పనికి. నలభై తొమ్మిదేళ్ల మనిషిని, అందరూ కప్పు చూడటంలో వీరయ్యను మించినవాడు లేడనేవారు. ఆ మాట పోగొట్టుకోలేకపోయాను. సమ్మయ్య కూడా నేను తప్ప ఇంకెవరు కొట్టినా లోపలికి పోయేవాడు కాదు. అరచేయి ఉంది కదా, అది చెబుతుంది కదా అనుకున్నాను. రెండేళ్లు అది చెప్పింది కూడా.

ఆ రోజు కొట్టాను. అరచేయి కొద్దిగా జిమ్మంది. అంతేనా, ఇంకా ఎక్కువా అని తెలియలేదు. చెవి ఉంటే తెలిసేది. రెండోసారి కొట్టాను. సమ్మయ్య వెనక నుంచి అరిచాడు, ఏమని అరిచాడో వినపడలేదు. రోజూ అడిగేదే కదా. "నిమ్మలంగున్నది, పో" అన్నాను.

విచారణలో ఏం వినపడిందని అడిగారు. గట్టిగానే పలికిందని చెప్పాను. అందుకే హఠాత్తుగా అని రాశారు.

పదమూడేళ్లు అయింది. మీ అక్కకు తెలియదు. ఉప్పలమ్మ ప్రతి రాఖీకి నా చేతికి కడుతుంది. చైతన్య పెద్దబాపు అని పిలుస్తుంది. నువ్వు మాట్లాడేవాడివి కావు, అందుకే నీకు రాశాను. నీ కడుపులోనే ఉంచుకో. ఇది చదివి కాల్చెయ్యి.

వీరయ్య

*

మహబూబాబాద్,
20 అక్టోబర్ 2024

బావకు,

ఉత్తరం అందింది. చదివి పొయ్యిలో వేశాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పను.

ఆదివారం కాబట్టి ఇంట్లో ఉన్నాను. దంతాలపల్లి పోయి పొలం చూసి వచ్చాను. పత్తి పర్వాలేదు. సంధ్యకు జ్వరం వచ్చి తగ్గింది.

చైతన్య ఆటకు దారి దొరికింది. ఈ వారమే ఒక నియమం మార్చింది. ఇప్పుడు ఆడేవాళ్ల చెయ్యి ఆగుతోంది. జైసింగ్ మొన్న రెండు నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. కరస్పాండెంట్ గారు గదిలోకి వచ్చి చూసి, హైదరాబాద్ నుంచి వచ్చే పైవాళ్లకు దీన్నే ముందు చూపించాలన్నారు.

జనవరిలో దాన్ని భూపాలపల్లి తెచ్చి, బాయిలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లతో ఆడించి చూడాలని చైతన్య పట్టుబడుతోంది. నువ్వు తప్పకుండా ఆడాలట. పదిమందిని పోగుచేయగలవా?

ఐలేశ్

*

భూపాలపల్లి,
10 డిసెంబర్ 2024

బామ్మర్ది ఐలేశ్‌కు,

నీ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాను. నా సంగతి రెండు ముక్కలు, పత్తి సంగతి ఒక ముక్క, ఆట సంగతి మిగతాదంతా. నన్ను అసహ్యించుకుని అట్లా రాశావా, నన్ను ఇబ్బంది పెట్టొద్దని అట్లా రాశావా అని చాలా రోజులు తెలుసుకోలేకపోయాను. చివరికి మీ అక్కనే అడిగాను, మీ తమ్ముడు తక్కువ రాస్తే దానర్థం ఏందని. "వాడు మా నాయిన సచ్చిననాడు గూడ బండ్లు ఎన్నిగంటలకు అస్తయనే అడిగిండు. గది వాని ఏడుపు" అంది. మనసు కొంచెం కుదుటపడింది. నువ్వు నా మాట దాచావు. అది చాలు.

చెప్పుకున్నాక నిద్ర పడుతోంది. ఇంతకాలం ఎందుకు మోశానా అనిపిస్తోంది.

ఆట సంగతి మా కాలనీలో చెప్పాను. మాతో బాయిలో పనిచేసిన గోపాల్ రోజూ వచ్చి అడుగుతున్నాడు, "మల్లొకపారి బాయిల దింపుతరటగద, మస్టర్‌ల హాజరు పడ్తదా?" అని. నేను కాక పదిమంది అయ్యారు. కాలనీ కమ్యూనిటీ హాలు తాళంచెవి తీసుకున్నాను. మీ అక్క సర్వపిండి చేస్తుందట. ఉప్పలమ్మ కూడా వస్తానంది. తండ్రి పని బిడ్డ చేసి చూపిస్తుంటే ఆమె చూడాలి కదా.

సంక్రాంతి సెలవులు అయిపోయాక రండి, అప్పుడైతే అందరూ ఊళ్ల నుంచి తిరిగి వస్తారు.

వీరయ్య

*

జనగామ,
26 జనవరి 2025

బావకు,

పోయిన ఆదివారం నువ్వు సగంలో లేచి పోయావు. తర్వాత ఇంటికి వస్తే పడుకున్నావని అక్క చెప్పింది. బస్సు టైమ్ అయిందని వచ్చేశాము. ఒంట్లో ఎట్లా ఉంది?

ఆ రోజు మొత్తం పదకొండు మంది ఆడారు. పదిమంది చివరిదాకా ఆడారు. నీ దగ్గర చప్పుడు సరిపోలేదని నా పుస్తకంలో రాసుకున్నాను. హెడ్‌ఫోన్స్ పాతవి. చెవి తక్కువున్నవాళ్ల కోసం చప్పుడుతో పాటు తెర మీద వెలుగు కూడా పెట్టమని చైతన్యతో చెప్పాను. తప్పు ఆటదే, నీది కాదు.

హాలు కుదిర్చినందుకు అందరికీ చెప్పు. అక్క సర్వపిండి పిల్లలు దారిలోనే పూర్తిచేశారు.

ఐలేశ్

*

భూపాలపల్లి,
3 ఫిబ్రవరి 2025

ఐలేశ్,

చప్పుడు సరిపోలేదని రాశావు. అంత తెలివితక్కువవాడిని కాను.

ఐదు షిఫ్టులు బాగానే ఆడాను. ఒక్కో షిఫ్టుకూ చప్పుడు తగ్గుతుంటే నా చెవులేనేమో అనుకుని పక్కనున్న గోపాల్‌కు గొట్టాలు ఇచ్చాను. "నాకు గూడ ఇనవడ్తలేదు వీరన్నా, ఆటే గట్లున్నది" అని చెవి దగ్గర అరిచాడు. ఆరో షిఫ్టులో తెర మీద రెండు మాటలు వచ్చాయి. ఒకటి 'నాకు వినపడుతలేదు'. అది నొక్కితే పైకి పంపుతారు, వేరేవాడు జోడి అవుతాడు. రెండోది 'నిమ్మలంగున్నది, పో'.

నాకంటే ముందు ఆడిన పదిమందీ మొదటిది నొక్కి నవ్వుకున్నారు. "గిప్పుడు నొక్కుడు అల్కనే. గప్పుడు నొక్కితే యార్డుల చీపురు చేతికిస్తుండె నీకు" అని ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారట, గోపాల్ తర్వాత చెప్పాడు. నాకు ఆ నవ్వులు ఏవీ వినపడలేదు. పళ్లు మాత్రం కనపడుతున్నాయి.

తల తిప్పి నీ మొహం చూశాను. "గిది ఎవరు పెట్టిండ్రు?" అని అడిగాను. గట్టిగానే అడిగాను, అందరూ తిరిగి చూశారు. నువ్వు పెదవి కదపలేదు. పుస్తకంలో రాసుకున్నావు. నీ పక్కన ఆ బిడ్డ కూడా రాసుకుంటోంది. ఆమె వెనక ఉప్పలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా ఆట చూస్తోంది.

నా ఉత్తరం క్లాసులో చదివావు కదా. పోయినసారి చదివినట్టే, అందరి ముందూ. ముప్పై ఒక్కమందికి తెలుసు కదా. నా ముఖం చూసి నవ్వుకుంటూ సర్వపిండి తిన్నారు కదా.

వీరయ్య

*

జనగామ,
16 ఫిబ్రవరి 2025

బావకు,

నీ ఉత్తరం ఎవరికీ చదవలేదు. కాల్చాను అని రాసింది నిజం. నీ పేరు, సమ్మయ్య పేరు, జరిగింది, ఏదీ ఎవరికీ చెప్పలేదు. చైతన్యకు ఒక్క నియమం చెప్పాను. షిఫ్టు షిఫ్టుకూ చప్పుడు తగ్గించు, వినపడటం లేదని ఒప్పుకునే దారి ఒకటి, ఒప్పుకోని దారి ఒకటి పెట్టు అన్నాను. నియమంలో మనిషి ఉండడు. అది ఏ బాయిలోనైనా, ఏ పనిలోనైనా ఉండే నియమం. నాలుగు రోజులు ఆలోచిస్తే నాకే తట్టేది. అప్పుడు అట్లా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అంత నమ్మకంగా లేదు. జులై నుంచి అక్టోబర్ దాకా తట్టలేదు, నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు తట్టింది.

నువ్వు ఆడేటప్పుడు నేను నోరు తెరిచి ఉండాల్సింది. ఆట ఆపి ఉండాల్సింది. చూడటమే అలవాటైపోయింది. నువ్వు అడిగినప్పుడు కూడా 'అడిగాడు, ఇంత సమయానికి' అనే రాసుకున్నాను.

ఒక సంగతి పోయిన ఉత్తరంలో రాయలేదు. తిరిగి వచ్చేటప్పుడు ములుగు దాటాక చైతన్య తన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. పదిమంది ఆరో షిఫ్టులో పది క్షణాలకు మించి ఆగలేదు. ఒక్కరు నాలుగు నిమిషాలు ఆగారు, ఏదీ నొక్కలేదు. "సార్, గీ రూల్ మీకు ఎవరు చెప్పిండ్రు?" అని అడిగింది. నేను మాట్లాడలేదు. ఆమె కొంచెంసేపు నన్ను చూసింది. ఈ రెండేళ్లలో నేను చదువు చెప్పిన పిల్లలు చాలామంది ఉన్నారు. నేను నేర్పింది అంత బాగా నేర్చుకున్నది ఆమె ఒక్కతే. పుస్తకం మూసి వెనక సీటులోకి పోయింది.

ఆ మర్నాడే ఆ నియమం తీసేసింది. ఎందుకని అడిగితే, "బాలేదు సార్" అంది. అది లేకుండా ఆట మళ్లీ మొదటికి వచ్చింది. మార్చి 21న పైవాళ్లు వస్తున్నారు. కరస్పాండెంట్ గారు రెండుసార్లు పిలిచి, ముందు చూసిన ఆట ఏమైందని అడిగారు. మిగతా పిల్లల ఆటల్లో నిలబడేది లేదు.

నేను చెబితే ఆమె వినదు. నువ్వు చెబితే వింటుంది. నీకు ఇంత జరిగాక అడుగుతున్నానని తెలుసు. ఆమె కష్టం కూడా అందులో ఉంది కాబట్టి అడుగుతున్నాను. నా కోసం కూడా అడుగుతున్నాను. వీలైతే ఒక్క మాట చెప్పు.

ఐలేశ్

*

భూపాలపల్లి,
2 మార్చి 2025

ఐలేశ్,

నువ్వు అడిగిన మాట చెప్పాను. ఎట్లా చెప్పానో కూడా రాస్తాను, పుస్తకంలో రాసుకో.

శివరాత్రి మర్నాడు ఉప్పలమ్మ వచ్చింది. గడపలోనే నిలబడి చేతులు తిప్పుతూ అడిగింది. నాకు వినపడాలని వీధి మొత్తం వినేటట్టు అరిచింది. "నెల దాటె అన్నా, మా ఇంటి దిక్కు రాకపోతివి! ఏం తప్పు జేసిన? నా బిడ్డ ఆట నువ్వు గెలువలేదని అలిగినవా? ముసలోనివైనంక గీ అలుకేందే?" మీ అక్క నవ్వుతూ కూర్చోబెట్టింది. ఉప్పలమ్మ వెనక చైతన్య ఉంది. నవ్వలేదు. పెద్దబాపు అనలేదు.

ఆడవాళ్లు ఇద్దరూ వంటింటి వైపు తిరిగినప్పుడు చైతన్య పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, రాసి, నా ముందు పెట్టింది. 'ఆ రోజు నీకు వినపడ్డదా?' అంతే. నేను కింద 'లేదు' అని రాశాను. చదివింది. తర్వాత ఇంకో మాట రాసింది. 'మా సార్‌కు తెలుసా?' అని. తెలుసని రాశాను. ఎప్పటి నుంచి అని రాసింది. అక్టోబర్ అని రాశాను.

ఆ బిడ్డ నా మీద పడి కొడుతుందని అనుకున్నాను. పదమూడేళ్లుగా ఆ దెబ్బ కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంది నాకు. కొట్టలేదు. ఏడ్వలేదు. అక్టోబర్ అన్న మాట దగ్గరే ఆమె వేలు ఆగింది. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు.

అప్పుడు నువ్వు చెప్పమన్నది చెప్పాను. 'ఆ నియమం ఉంచు బిడ్డా, అది లేకపోతే ఆట అబద్ధం' అని రాశాను. నీ కోసం రాయలేదు. నేను నొక్కనిది నలుగురైనా నొక్కుతారని రాశాను. తల ఊపింది. 21న నీకు కావలసింది పైవాళ్లు చూస్తారు. నీ కొలువు నీకు ఉంటుంది.

ఉప్పలమ్మ చాయ్ కప్పులు పట్టుకుని వచ్చి, మా మధ్య ఉన్న కాగితం చూసింది. చదువు రాదు కదా. "ఏం రాసుకుంటుండ్రే మీరిద్దరు, గంత దొంగలోలె?" అంది. నేను నోరు తెరిచాను. ఆమెకు ఇప్పుడే చెబుదామనుకున్నాను, నిజంగానే. చైతన్య నాకంటే ముందు కాగితం మడిచి, "ఏం లేదవ్వా. ఆటల సౌండ్ పెంచుమంటుండు పెద్దబాపు" అంది. ఉప్పలమ్మ నా తల మీద చెయ్యి వేసి, "నీ చెవులు పాడుగాను" అని నవ్వింది. ఈ మాటలన్నీ పెదవులు చూసే అర్థం చేసుకున్నాను.

నేను దాచింది నాది. నీకు చెప్పి నేను తేలికయ్యాను, నువ్వు వాడుకుని తేలికయ్యావు. ఇప్పుడు అది ఇరవై ఏళ్ల పిల్ల మీద పడింది. రోజూ తల్లి పక్కన కూర్చుని అన్నం తినాలి ఆమె. మనిద్దరిలో ఎవరికీ లేని బరువు అది. నేను ఆమెను పెంచాను, నువ్వు ఆమెకు చదువు చెప్పావు. మనం ఇద్దరం కలిసి ఆమెకు ఇచ్చింది ఇది.

చైతన్య పోతూ పోతూ నా కాళ్లకు మొక్కలేదు. ప్రతిసారీ మొక్కేది. ఉప్పలమ్మ అది గమనించి, "పెద్దబాపుకు మొక్కవే" అంది. బస్సుకు టైమ్ అయితుందని చైతన్య చెప్పులు వేసుకుంది.

ఇకమీద నాకు ఉత్తరం రాయకు. పని ఏదైనా ఉంటే మీ అక్కకు ఫోన్ చెయ్యి.

వీరయ్య